కుడి పన్నుకి ఏది?

మండపేటలో బస్సెక్కిన అమ్మాయి నా పక్కన కూర్చుని, సంచీలోంచి రెండు పటకార్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. రెండూ ఒకేలా ఉన్నాయి. వాచిన బుగ్గతో పన్ను తీయించుకోడానికి వెళ్తున్న నాకు వాటిని చూడగానే గుండె జారింది.

"పై దవడలో వెనక పళ్లు తీసేవి ఆంటీ. కుడికొకటి, ఎడమకొకటి. మొన ఉన్న వైపు బుగ్గకి రావాలి. కిందటిసారి ప్రాక్టికల్స్‌లో ఇక్కడే తడబడి ఫెయిలయ్యానండి. ఇవాళ మళ్లీ ఉంది," అంది. మళ్లీ ఆ రెండిటినీ మార్చి మార్చి చూసుకుంది.

ఏమనిపించిందో ఏమో, ఆమె వైపు తిరిగాను. "నాదీ పై పన్నేనమ్మా, కుడివైపు. ఏది సరిపోతుందో చూడు," అని నోరు తెరిచాను.

తాకించకుండా ఒక్కొక్కటీ నా బుగ్గ దగ్గర పెట్టి చూసింది. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి మరీ చూశాడు. రెండోది పెట్టినప్పుడు ఆమె ముఖం విప్పారింది.

"ఇదేనండి. ఇంక మర్చిపోను."

పటకార్లు సంచీలో పెట్టేసి, "మీకు భయంగా ఉందా ఆంటీ?" అని అడిగింది.

"ఉందమ్మా."

"నాకూనండి," అంటూ నా చెయ్యి పట్టుకుంది.

రాజమండ్రిలో దిగేదాకా వదల్లేదు. ఆ మధ్యాహ్నం డాక్టరుగారు నా పన్ను తీస్తున్నంతసేపూ, ఆ అమ్మాయి పరీక్ష ఎలా జరుగుతోందోనని ఆలోచిస్తూ ఉండిపోయాను.