ఏడో భాగంలో వేపాకు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు నన్ను హైటెక్ సిటీ వైపు ఒక పెద్ద హాల్లో జరుగుతున్న కామిక్స్ ప్రదర్శనకు తీసుకువెళ్ళింది. రంగు రంగుల వేషాలు వేసుకున్న కుర్రకారు మధ్య నుంచి మెల్లగా నడుచుకుంటూ, పాత పుస్తకాలు అమ్మే వరస దగ్గరికి వచ్చేసరికి నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. మనం చిన్నప్పుడు చిల్లర పైసలకు కొనుక్కుని, చదివి, చింపి, చివరికి పల్లీల పొట్లాలకు అప్పజెప్పిన ఆ బొమ్మల పుస్తకాలే ఒక్కొక్కటీ ఒక్కో ప్లాస్టిక్ కవరులో దర్జాగా నిలబడి ఉన్నాయి. అలవాటు కొద్దీ ఒకదాని మీద చెయ్యి వేయబోతే, చేతులకు తెల్ల తొడుగులు వేసుకున్న దుకాణం కుర్రాడు కంగారుపడ్డాడు. "ఆంటీ, ముట్టుకోకండి ప్లీజ్! మన చేతి చెమట తగిలితే పుస్తకం పాడైపోతుంది."

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నేను చిన్నబుచ్చుకున్నానేమోనని మా పిల్ల నొచ్చుకుంది గానీ నిజానికి నాకు కలిగింది భయం, అదీ యాభై ఏళ్ళు దాటిన పాత భయం. ఆ భయానికి కారణమైన పుస్తకం ఆ రోజు నా చేతిసంచిలోనే ఉంది. ఇలాంటి ప్రదర్శన ఎక్కడ జరిగినా దాన్ని వెంట తీసుకునే వెళతాను, ఎందుకో చెబుతాను.

డెబ్బైలు మొదలైన కొత్తల్లో మేము దబీర్‌పురా స్టేషను వెనక సందులో ఉండేవాళ్ళం. మేము బాపు అని పిలిచే నాన్న ఆ స్టేషన్లోనే పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అమ్మ, నేను, నాకన్నా నాలుగేళ్ళు చిన్నవాడైన తమ్ముడు, రెండు గదుల ఇల్లు, బండి వచ్చినప్పుడల్లా గలగలలాడే గిన్నెలు. నాకప్పుడు పదేళ్ళు. సాయంత్రం మాదన్నపేట మార్కెట్టుకు పోయి కూరగాయలు తేవడం నా పని, ఆ మార్కెట్టు పక్క సందులోనే ఉండేది, అందరూ చాచా అని పిలిచే ముసలాయన రద్దీ దుకాణం, అంటే పాత కాగితాల కొట్టు. కిరాణా కొట్ల వాళ్ళు పొట్లాలు కట్టడానికి పాత కాగితాలు అక్కడ తూకానికి కొనుక్కుపోయేవారు, ఆ గుట్టల్లో అప్పుడప్పుడు బొమ్మల పుస్తకాలు తగిలేవి. అవి శనగపప్పు పొట్లాలుగా మారకముందే పట్టుకోవడం ఒక వేట. చాచా నన్ను గుట్ట మీదికి ఎక్కనిచ్చేవాడు, దుమ్ముకు తుమ్ముతూ మోచేతుల దాకా చేతులు దూర్చి వెతుకుతుంటే, చేతికి మెత్తని కాగితం బదులు నున్నటి అట్ట తగిలిన క్షణం ఉంటుందే, ఆ సంతోషం ఆ తరువాత నాకు మొదటి జీతం అందుకున్న రోజు కూడా కలగలేదు.

ఆ సంతోషం మీద అమ్మ భయం ఎప్పుడూ నీడలా ఉండేది. "ఎవలింట్ల ఏ రోగమొచ్చి పారేసిన్రో ఏందో, గా కాయితాలు నా ఇంట్లకు తేకు" అని తిట్టేది. అమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. మశూచి ఇంకా పూర్తిగా పోని రోజులవి. టీకాలవాళ్ళు ఇంటింటికీ తిరుగుతుండేవాళ్ళు, ఆ గుండ్రటి మచ్చ మీ భుజాల మీదా ఉండే ఉంటుంది. మా సందు మొదట్లో గాజులమ్మే పెద్దమ్మకు ముఖమంతా గుంటలు, ఒక కన్ను లేదు. అందుకని నా పుస్తకాలన్నీ బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని, అమ్మ మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు నేనూ తమ్ముడూ గుసగుసగా చదువుకునేవాళ్ళం. వాడికి అక్షరాలు సరిగా రావు గానీ, వేలు నాలుకకు తడి చేసుకుని పేజీ తిప్పడం మాత్రం పెద్దవాళ్ళలాగే వచ్చు.

ఒకరోజు చాచా దుకాణంలో నాకు ఒక కట్ట దొరికింది. ఓడ మునిగి తెలియని దీవికి చేరిన ఒక నావికుడి కథ, వరసగా ఆరు భాగాలు, ఒక్క అట్ట కూడా చిరగలేదు. ఆరో భాగం చివర నావికుడు కొండ అంచు పట్టుకుని వేలాడుతుంటాడు, కింద సముద్రం. ఏడో భాగం మాత్రం లేదు. ప్రతి పుస్తకంలోనూ నడిమి పేజీల మధ్య ఎండిన వేపాకులు ఉన్నాయి. అప్పుడు నేను వాటిని పెద్దగా పట్టించుకోలేదు. తమ్ముడు మాత్రం తిన్నా, పడుకున్నా ఒకటే ప్రశ్న, ఆయన కింద పడ్డాడా లేదా అని.

పది రోజులు గడిచాయో లేదో, తమ్ముడికి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. రెండో రోజుకు ఒంటి మీద నీటి పొక్కులు లేచాయి. అమ్మ వాడి చొక్కా ఎత్తి చూసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. అమ్మవారు పోసిందన్నారు. గుమ్మానికి వేపమండలు కట్టారు, ఇంట్లో పోపు మానేశారు, పొయ్యి తప్ప మరే మంటా పెట్టకూడదన్నారు. వాడి పడక మీద వేపాకు పరిచారు. ఆ పచ్చి ఆకులను చూసినప్పుడు నాకు ఆ ఎండిన ఆకులు గుర్తుకొచ్చాయి. పుస్తకాల్లోకి వేపాకు ఎలా వచ్చింది? ఇలాంటి పడక మీది నుంచే కదా. ఎవరో పిల్లవాడు ఇలాగే పడుకుని ఆ పుస్తకాలు చదివాడు, తరువాత వాడికేమైందో ఏమో, ఇంట్లోవాళ్ళు వాడి సామానంతా పారేశారు, నేను దాన్ని ఏరుకొచ్చి తమ్ముడి చేతిలో పెట్టాను. ఇదంతా ఒక్క క్షణంలో నా బుర్రలో తయారైపోయింది.

ఎవరికి చెప్పను? చెబితే అమ్మ చంపేస్తుందని కాదు, చెబితే అది నిజమైపోతుందని భయం. అది చిన్నమ్మవారైన ఆటలమ్మో, పెద్దమ్మవారైన మశూచో తేల్చడానికి రైల్వే డాక్టరు రావడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను గాజుల పెద్దమ్మ గుమ్మం ముందు నుంచి కళ్ళు మూసుకుని నడిచాను. మూలుగుతూనే తమ్ముడు బొమ్మల పుస్తకాలు కావాలని మారాం చేస్తే, ఇక జరగాల్సింది జరిగిపోయింది కదా అని, ఆ ఆరూ తెచ్చి వాడి దిండు కింద పెట్టాను. డాక్టరు వచ్చి ఆటలమ్మే, భయం లేదన్నాడు. అమ్మ ఏడ్చింది. నాకు మాత్రం ధైర్యం రాలేదు. జ్వరం తగ్గక, ఒంటి నిండా పొక్కులతో వాడు కలవరిస్తుంటే, డాక్టరు మాట ఎవరికి గుర్తుంటుంది?

ఆ పుస్తకాలను వదిలించుకోవాలి. కాల్చేద్దామంటే ఇంట్లో వెలిగేది పొయ్యి ఒక్కటే, దాని దగ్గర ఎప్పుడూ అమ్మే. మూసీలో పడేద్దామంటే అంత దూరం ఒంటరిగా పోలేను. పొక్కులు ఎండుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, అమ్మ కళ్ళు మూతపడగానే, కట్టను కూరగాయల సంచిలో పెట్టుకుని చాచా దుకాణానికి పరుగెత్తాను. ఇవి రోగిష్టి పుస్తకాలు, ఇంకెవరికీ అమ్మొద్దు అని చెప్పడానికే వెళ్ళాను. ఆ మాట చెప్పడానికే వెళ్ళానని ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను. నేను వేపాకు తీసి చూపించి, ఎవరింటి నుంచి వచ్చిందని అడిగితే చాచా పెద్దగా నవ్వాడు.

"అరే బేటీ, గది నేనే పెట్టిన! కీడే, గదే పురుగులు, కొడ్తయని మంచి కితాబులన్నిట్ల పెడ్త. దేఖో, గిండ్ల సుత ఉన్నది."

నిజమే, పక్కన పెట్టిన మంచి పుస్తకాలన్నిటిలోనూ వేపాకే. నా గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. ఎంత స్వార్థమో చూడండి, తమ్ముడు ఇంకా పడక మీదే ఉన్నాడు, తగ్గింది నా భయం మాత్రమే. చాచా నన్ను తేరిపార చూసి, గల్లాపెట్టె కింద నుంచి ఒక పుస్తకం తీశాడు. "నీ కోసమే దాచిన. గీ జహాజోని కథ ఆఖరుది. గా ఆరు నాకిచ్చి ఇది తీస్కపో."

అదే ఏడో భాగం. కొండ అంచు వదిలేసిన నావికుడు అట్ట మీద గాల్లో ఉన్నాడు. నేను ఇంకేమీ ఆలోచించలేదు. ఆరూ ఆయన చేతిలో పెట్టి, ఆ ఒక్కటీ లాక్కుని, గంతులు వేసుకుంటూ ఇంటికి వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ తమ్ముడి పడక దులుపుతోంది. పొక్కులు ఎండి, ఒంటి మీది నుంచి పొట్టు రాలుతోంది. "దగ్గరికి రాకు. గీ పొట్టు రాలేటప్పుడే మస్తు జాగర్తుండాలె, దేని మీద రాల్తే దాన్ని ముట్టుకున్నోళ్ళకు అంటుకుంటది" అంది అమ్మ.

వారం రోజులు వాడి దిండు కింద ఉన్న పుస్తకాలు. వేలు నాలుకకు తడి చేసుకుని వాడు తిప్పిన పేజీలు. అవి మా ఇంటికి వచ్చినప్పుడు మంచివే, మా ఇంటి నుంచి వెళ్ళేటప్పుడే కావు. వాటిని మోసుకుపోయి అమ్మకానికి పెట్టి వచ్చింది నేనే.

ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పలేను. మర్నాడు పొద్దున్నే దుకాణం తలుపు తీయకముందే వెళ్ళి నిలబడ్డాను. చాచా వచ్చి, ఆ కట్ట నిన్న సాయంత్రమే పోయిందన్నాడు. ఎవరో ఊరివాళ్ళు, బండెక్కడానికి పోతూ, ఏడుస్తున్న పిల్లగాణ్ణి ఊరుకోబెట్టడానికి కొనిచ్చారట. ఏ ఊరని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "ఏమో బేటీ, పాలమూర్ దిక్కు పోయే పాసింజర్‌కని ఉర్కిన్రు." ఎందుకు అడుగుతున్నావని ఆయన అడిగాడు. నేను వెనక్కి తిరిగి ఇంటికి పరుగెత్తాను.

తరువాత చాలా రోజులు, బాపు డ్యూటీ దిగి ఇంటికి రాగానే ఎదురెళ్ళి ఒకటే ప్రశ్న అడిగేదాన్ని. "బాపూ, ఇయ్యాల పాలమూరు బండిల జరం పిల్లలెవలన్న వచ్చిన్రా?" తమ్ముడి జబ్బు చూసి పిల్ల బెదిరిందనుకుని బాపు నా తల నిమిరేవాడు. గిన్నెలు గలగలలాడినప్పుడల్లా, ఆ బండిలో కిటికీ పక్కన కూర్చుని పేజీలు తిప్పుతున్న ఒక పిల్లవాడు నాకు కనిపించేవాడు. ఒకసారి నవ్వుతూ, ఒకసారి పొక్కులతో.

తమ్ముడికి నయమైంది. కనుబొమల మధ్య ఒక మచ్చ మిగిలింది, అంతే. ఏడో భాగం వాడే కూడబలుక్కుని చదువుకున్నాడు, నావికుణ్ణి ఒక చేపల పడవ కాపాడుతుంది. నేను మాత్రం ఆ పుస్తకం చదవలేకపోయాను. చాలా ఏళ్ళ తరువాత, చాచా దుకాణం ఉన్న చోట సెల్‌ఫోన్ల కొట్టు వెలిసిన తరువాత, ఈ సంగతంతా తమ్ముడికి చెబితే పడీ పడీ నవ్వాడు. ఆటలమ్మే కదక్కా, ఆ పిల్లగానికి వచ్చినా తగ్గే ఉంటది అన్నాడు. వాడు చెప్పింది సబబే. నా భయానికి ఆ సబబు ఏనాడూ ఎక్కలేదు.

అందుకే మొన్న ఆ తెల్ల తొడుగుల కుర్రాడికి నా సంచిలోని పుస్తకం తీసి చూపించాను. నడిమి పేజీలో చాచా పెట్టిన వేపాకు ఇంకా ఉంది, ఈనెలు మాత్రమే మిగిలి. కుర్రాడి కళ్ళు మెరిశాయి, అమ్ముతారా అన్నాడు. అమ్మనన్నాను. కానీ నా వయసువాడు ఎవరైనా వచ్చి, మొదటి ఆరూ ఉన్నాయి, ఏడోది ఒక్కటే కావాలని అడిగితే నా నంబరు ఇమ్మని, ఆయనకు ఊరికే ఇస్తానని చెప్పాను. ఇంతకుముందు వెళ్ళిన ప్రతిచోటా చెప్పిన మాటే ఇది. అలాంటివాళ్ళు ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.

ఇప్పటి పిల్లలకు ఏ కథకైనా చివర ఏమైందో ఫోనులో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. సగం కథ గుండెలో పెట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగే అవస్థ వాళ్ళకు లేదు, సంతోషమే. పుస్తకం మనకేం అంటిస్తుందోనని అమ్మ భయపడేది, పుస్తకానికి మనమేం అంటిస్తామోనని ఆ కుర్రాడు తొడుగులు వేసుకున్నాడు. ఆ రెండో భయం ఆనాడు నాకు ఒక్క గంట ముందు కలిగి ఉంటే ఎంత బాగుండేది. అయినా ఒక్క కోరిక మాత్రం మిగిలింది. పాలమూరు దిక్కున ఎక్కడో ఒక పెద్దమనిషి, ఆ నావికుడు కింద పడ్డాడో లేదో తెలియక, ఏడో భాగం కోసం ఇంకా వెతుకుతూ ఉండాలి. వెతుకుతున్నాడంటే ఆ పిల్లవాడు బతికినట్టే కదా.