నాలుగు చుక్కల ముగ్గు

మొన్న ఆదివారం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పోలీసులు మీటింగు పెట్టారు. నాచారంలో దొంగలు తాళం వేసిన ఇళ్లు చూసి మరీ పగలగొడుతున్నారని, ఆడవాళ్లంతా రావాలని మైకులో చెప్పారు. చాయ్, బిస్కెట్లు ఉంటాయని కూడా చెప్పారు కాబట్టి కుర్చీలు చాలలేదు. నా మనవరాలి వయసున్న కానిస్టేబుల్ పిల్ల తలా ఒక కాగితం పంచింది. మూడో తరగతితో బడి మానినా నేను అచ్చు అక్షరాలు కూడబలుక్కోగలను. పాల ప్యాకెట్లు గేటుకు వేలాడనివ్వకండి, పేపర్లు వాకిట్లో పోగుపడనివ్వకండి అన్నంతవరకు బాగానే ఉంది. ఆ కింది వరుసలో నా వేలు ఆగిపోయింది. ఊరికి పోతే ఇంటి ముందు ముగ్గు ఎవరితోనైనా వేయించండి అని ఉంది. రెండు వరుసల ముందు కూర్చున్న పక్కింటామె వెనక్కి తిరుగుతుందేమోనని చూశాను. తిరగలేదు.

మా రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే. ఇరవై ఏళ్లు ఆ గోడ మీదుగా కరివేపాకు, తోడు పెరుగు, వాళ్ల కోడలి మీద ఆమె చాడీలు, మా కోడలి మీద నా చాడీలు అటూ ఇటూ దాటుతూనే ఉండేవి. కరోనాకు ముందు ఏడాది, ఖమ్మంలో ఉండే ఆమె చెల్లెలికి కడుపు ఆపరేషన్ పడింది. ఆమె కొడుకూ కోడలూ అప్పటికే వేరు కాపురం పెట్టుకున్నారు. బయల్దేరే రోజు పొద్దున డబ్బాడు ముగ్గుపిండి తెచ్చి గోడ మీద పెట్టింది. "అక్కా, పదిహేను దినాలు రాను. నా వాకిట్ల జర గింత ముగ్గేయి. ఇంట్ల ఎవ్వరు లేరని మాత్రం ఎవ్వరికి జెప్పకు" అంది. నా మీద ఆమెకున్న నమ్మకం అంత.

నేను మాట తప్పే మనిషిని కాను. తెల్లవారగానే ముందు ఆమె వాకిలి ఊడ్చి, ఆ తర్వాతే నాది ఊడ్చుకునేదాన్ని. ఆమె రోజూ వేసేది ఎనిమిది చుక్కల ముగ్గు. నేను నాలుగు చుక్కలతో సరిపెట్టాను. పిండి ఆమెదే అయినా పిండి పిండే కదా. దొంగ వచ్చి చుక్కలు లెక్కపెడతాడా అనుకున్నాను.

ఆరో రోజున అంబర్‌పేటలో మా మరిది పోయాడు. మాకు మైల వచ్చింది. పదకొండో రోజు దాకా మా వాకిట్లో ముగ్గు పడకూడదు. మరి ఆమె వాకిట్లో ఎలా వేయను? అక్కడ చెల్లెలు ఆపరేషనై మంచం మీద ఉంది. మైల చేత్తో ముగ్గు వేస్తే ఆ పిల్లకు ఏమైనా అయితే ఎవరిది పాపం? ఆమె మంచి కోరే డబ్బా మూతపెట్టి అటక మీద పెట్టేశాను. మూడు రోజులయ్యాక, మా మేడ మీద అద్దెకుండే పిల్ల మెట్లు దిగుతూ ఆగింది. వాళ్లాయన మల్లాపూర్‌లో వెల్డింగ్ పనికి పోతాడు.

"పెద్దమ్మా, పక్కింటామె ఊళ్లె లేదా ఏంది? ముగ్గు కనిపిస్తలేదు. నేనెయ్యనా?"

"నీకెందుకే ఆ ముచ్చట? నీ వాకిలి నువ్వు జూస్కో" అని గద్దించాను. ఎవరికీ చెప్పొద్దని ఆమె చెప్పింది మరి. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని పైకి పోయింది.

ఆ మర్నాడు పొద్దున పాల ప్యాకెట్ కోసం బయటికొస్తే పక్కింటి గేటు తెరిచి ఉంది. తలుపు గొళ్లెం వంగిపోయి వేలాడుతోంది. లోపల అడుగు పెడితే కాలి కింద కరకరమంది. హాలంతా బియ్యం. వాళ్లమ్మ మెడలోంచి తీసి ఇచ్చిన బంగారు గుండ్ల పేరును ఆమె బియ్యం డబ్బా అడుగున దాచేదట. అది నాకు కూడా తెలియదు, వాడు కనుక్కున్నాడు. పోలీసులు వచ్చేదాకా ఆ బియ్యంలోనే నిలబడ్డాను. ఒక్క గింజ ఎత్తడానికీ నాకు చేతులు రాలేదు.

ఆమె మర్నాడు వచ్చింది. మా అమ్మ మెడలోది అక్కా అని ఒక్కసారే ఏడ్చింది. నేను మైల సంగతి చెప్పాను, మేడ మీద పిల్ల అడిగిన సంగతీ దాచలేదు. అంతా విని కళ్లు తుడుచుకుంది.

"ముగ్గు నువ్వే ఎయ్యాలని నేనన్ననా అక్కా? ఎవ్వరేసినా ముగ్గేగద. ఆ పిల్ల అడిగె. ఎయ్యనియ్యకపోతివి."

ఇన్నేళ్లలో నన్ను ఆమె అన్న మాట అదొక్కటే. ఆ వారమే పెయింటర్‌ను పిలిపించి వాకిట్లో తెల్ల రంగుతో ఎనిమిది చుక్కల ముగ్గు వేయించుకుంది. ఇక ఊరికి పోయినా ఎవరినీ అడగక్కర్లేదు. ముగ్గుపిండి డబ్బా నేను గోడ మీద పెడితే తీసుకుంది, కడిగి బోర్లించింది. ఆ గోడ మీదుగా ఆ తర్వాత ఏదీ దాటలేదు.

మొన్న మీటింగులో ఆ కానిస్టేబుల్ పిల్ల, "ఎవరన్నా ఏమన్నా చెప్తరా అమ్మా?" అని అడిగితే నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. "ఊరికి పోయెటోళ్లు ఒక్కరికే చెప్పకుండ్రి. ఇద్దరు ముగ్గురికి చెప్పుండ్రి. ఒకరికి చెయ్యరాకుంటే ఇంకొకరు చేస్తరు" అన్నాను. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. పక్కింటామె చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లేచి, చాయ్ కూడా తాగకుండా పోయింది.

నేను ఇంటికి వచ్చేసరికి ఆమె గేటు వేసి ఉంది. ఆ రంగు ముగ్గు చాలావరకు వెలిసింది, ఎనిమిది చుక్కల వరుసల్లో నాలుగైదు మాత్రమే కనిపిస్తున్నాయి. పిండి ముగ్గు సాయంత్రానికి చెరిగిపోయినా తెల్లవారితే మళ్లీ వేసుకునేవాళ్లం. మా ఇద్దరి నేస్తం ఈ రంగు ముగ్గులా ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతోంది కానీ, దాని మీద మళ్లీ ముగ్గు వేసే తెల్లవారుజాము మాత్రం రావడం లేదు.