ఏడో నుయ్యి

ఉక్కపోసే బస్సులో ఎవరైనా కిటికీ వేయమంటే, ఇప్పటికీ వాళ్ల గొంతు వైపు చూస్తాను.

అప్పుడు నేను పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో ట్రైనింగులో ఉన్న డాక్టర్ని. అవనిగడ్డ నుంచి బందరు వెళ్తున్నాను. మే నెల ఎండ. పక్క సీటు పెద్దాయన కిటికీ మూసేయమన్నాడు.

"గాలి తగిలితే గొంతు పట్టేస్తోందమ్మా."

మూసి, నా మంచినీళ్ల సీసా ఇచ్చాను. దాన్ని చూడగానే ఆయన మెడ నరాలు బిగుసుకున్నాయి. సీసాను తోసేశాడు.

"ఎప్పుడైనా కుక్క కరిచిందా బాబాయ్?"

"నూర్పిళ్లప్పుడు చిన్న గాటు పెట్టిందమ్మా. సూది దేనికి, ఏడు నూతుల్లోకి తొంగిచూస్తే విషం దిగిపోద్దన్నారు మావాళ్లు."

బస్సు పులిగడ్డ వంతెన ఎక్కింది. కింద కృష్ణ కనబడకుండా ఆయన కండువా మొహాన కప్పుకున్నాడు. క్యాజువాలిటీలో ఎవరొచ్చినా మేం పరుగెత్తేవాళ్లం. రేబిస్ ముదిరి నీళ్లంటే బెదిరే దశకొచ్చిన రోగిని మాత్రం చీకటి గదిలో పడుకోబెట్టి, తలుపు చప్పుడు కాకుండా వేయమని నేర్పారు.

"ఆసుపత్రి దాకా నేనూ వస్తాను బాబాయ్," అన్నాను.

కండువా లోపలి నుంచి ఆయన మెల్లగా అడిగాడు.

"మా ఊళ్లో ఉన్నవి ఆరు నూతులేనమ్మా. ఆ ఏడోది బందర్లో చూసేస్తే సరిపోద్దంటావా?"