పిల్లప్ప పెట్టిన బొట్లు

బొమ్మనహళ్ళిలో కుట్టుమిషన్లు బాగుచేసే మా కంపెనీకి స్టోర్‌కీపర్ పిల్లప్ప. బెల్టు అడిగినా బేరింగు అడిగినా ఆయన మొదటి మాట "లేదప్పా". గట్టిగా అరిస్తే, "ఉండాది గానీ, నీకిచ్చేస్తే స్టోర్లో ఉండదు కదప్పా?" అంటాడు. ఆయనతో వేగలేక మెకానిక్కునైన నాకు బీపీ వచ్చింది.

చివరికి మేనేజర్ హరిణి ప్రతి డబ్బాకూ బార్‌కోడ్ అంటించి, ఒక స్కానర్ తెచ్చింది. "ఏది ఉందో, ఏది లేదో ఇకనుంచి ఇదే చెప్తుంది. స్టోర్‌కి బాస్ ఇదే, మీరు కాదు" అని పిల్లప్పకు తేల్చి చెప్పింది. నా ప్రాణం లేచివచ్చింది.

ఆయుధపూజ మర్నాడు నేనూ హరిణీ బెల్టు కోసం స్టోర్‌కి వెళ్ళాం. స్కానర్ కిక్కురుమనలేదు. చూస్తే ప్రతి బార్‌కోడ్ మీదా మూడు విభూతి గీతలు, నడుమ కుంకుమ బొట్టు!

"ఏంటిది పిల్లప్పగారూ?" హరిణి తల పట్టుకుంది.

"పూజ కదా మ్యాడమ్. డబ్బాకి మొగమంటే అదే. ఇంకెక్కడ పెట్టేది?"

నేనూ హరిణీ తడిగుడ్డలతో మధ్యాహ్నందాకా డబ్బాలన్నీ తుడిచాం. పిల్లప్ప స్టూలు మీద కూర్చుని, ప్రసాదం బొరుగులు నములుతూ, "పాపం తగులుతాదప్పా" అని నన్నే హెచ్చరిస్తున్నాడు.

అంతా తుడిచినా స్కానర్ పలకలేదు. హరిణి దాన్ని తిప్పి చూసింది. అద్దం నిండా దట్టంగా కుంకుమ, దానికి అతుక్కుని ఒక చామంతి రేకు.

"మొదటి బొట్టు దానికే పెట్టినా మ్యాడమ్" అన్నాడు పిల్లప్ప వినయంగా. "స్టోర్‌కి బాస్ అదేనని మీరే అంటిరి కదా!"