మునిరత్నం బండికి పొద్దుటి షికారు

పొద్దున కాఫీ అయినా తాగకుండా మునిరత్నం తన మినీ లారీని హైవే మీద షికారు తిప్పుకొచ్చేవాడు. "గోవిందా" అని తాళం తిప్పి, ఎక్కడా ఆగకుండా చిత్తూరు దాకా పోయి వచ్చేవాడు. సోకుకు కాదు. పగలంతా పల్లెల్లో ఆగి ఆగి తిరిగే బండి. పొగగొట్టంలోని జల్లెడ నిండా మసి పేరుకునేది. అది కాలిపోవాలంటే ఇంజను బాగా వేడెక్కాలి. లేకుంటే స్టీరింగు ముందర పసుపు దీపం వెలుగుతుంది.

ఆ షికారులో పక్క సీటు జైతున్‌బీది. ఉడకబెట్టిన గెణుసుగడ్డలు గంపలో పెట్టుకుని చిత్తూరులో అమ్మే ముసలామె. ఎక్స్‌ప్రెస్ బస్సులు మా ఊరి మలుపులో ఆగవు. ఊరికే ఎక్కమంటే ఆమె ఎక్కదని తెలిసి మునిరత్నం కసిరేవాడు.

"బరువుంటేనే బండి వేడెక్కతాది. బిన్నా ఎక్కు బీబమ్మా, నీ గంపతో నాకు పనుండాది!"

భార్య నిర్మలమ్మ మాత్రం ముందే హెచ్చరించింది. "దీపం వంకతో డీజిలు తగలేస్తా ఉండావు. ఆ రోగం కుదిరిననాడు బండి తాళం నా కొంగునుంటాది, సూసుకో!"

మొన్న ఆ జల్లెడ పగిలింది. బంగారుపాళ్యంలో మెకానిక్ నియాజ్ కొత్తది బిగించాడు.

"దీనికి పూసిన మందు ఆక్సిజన్‌ను లోపల దాచిపెట్టుకుంటాదన్నా. మసి వచ్చి కూర్చుంటే బయటికి తీసి, తక్కువ వేడికే కాల్చేస్తాది. మళ్లా నింపుకుంటాది."

"మా ఆడామె నా తప్పులు దాచిపెట్టుకున్నట్టు! సమయం సూసి తీసి కాలుస్తాది."

"అంతే. ఇంక పొద్దున్నే నీకు హైవే అగత్యం లేదు."

మునిరత్నం నవ్వు ఆగిపోయింది. బండి షెడ్డులో ఉందని విని గంపతో అక్కడికే వచ్చిన జైతున్‌బీ మెల్లగా అడిగింది. "అయితే నా బరువు ఇంక వద్దా నాయనా?"

అంతలో నిర్మలమ్మ రోడ్డు దాటి వస్తూ కనిపించింది. మునిరత్నం నియాజ్‌ను టైర్ల చాటుకు లాగాడు.

"షికారు మానొద్దని మా ఆడామెతో ఒక మాట చెప్పప్పా."

"రంజాన్ రోజాలో ఉండానన్నా. అబద్ధం నా నోట రాదు."

"ఏకాదశి పూట నేను మాత్రం అబద్ధం చెప్పమంటానా? పొద్దున్నే ఒక తూరి తిప్పితే బండికి చెడుపా?"

"చెడుపేం లేదు."

"ఆ మాటే చెప్పు. 'చెడుపేం లేదక్కా' అను, చాలు. ఇంకో ముక్క పలకొద్దు. నీకు పుణ్యముంటాది!"