గుల్లగా మోగిన ప్రొజెక్టర్

కోలారులోని ఒక విశ్వవిద్యాలయంలో ఏ అధ్యాపకుడికి ఎంత కంప్యూటర్ శిక్షణ కావాలో తేల్చే పని నాకు పడింది. అందరూ తమకు అన్నీ వచ్చన్నారు. భూగర్భశాస్త్రం చెప్పే పెద్ద ప్రొఫెసర్ కూడా అదే అన్నారు.

"అయితే ఈ ప్రొజెక్టర్ పెట్టి చూపించండి సార్," అన్నాను.

ఆయన దాన్ని వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించారు.

"మా నాయన కేజీఎఫ్ గనిలో దిగితే ముందు పైరాయిని ఇట్లే తట్టి చూస్తా ఉండె. గుల్లగా మోగితే బయటికి వచ్చేస్తా ఉండె. ఇది గుల్లగా ఉండాది. పోదాం రాప్పా."

ఏ యంత్రానికైనా అదే పరీక్ష. లాప్‌టాప్ గుల్ల, మైకు గుల్ల. ఆయన పేరు ఎదుట 'మొదటి నుంచి నేర్పాలి' అని రాశాను.

"నా దగ్గర చదివినోడి పక్కన నన్ను బెంచీలో కూర్చోబెడతావా అప్పా? ఇంగ వాడు నన్ను సార్ అంటాడా?" అన్నారు. ఆ ఒక్కసారే ఆయన గొంతులో వేళాకోళం లేదు.

శిక్షణ రోజున ఆయన అందరికన్నా ముందే వచ్చి గోడవైపు కూర్చున్నారు. పక్కన ఆ శిష్యుడు, ఇప్పుడు అదే శాఖలో లెక్చరర్. ప్రొజెక్టర్ బటన్ నొక్కాను. వెలగలేదు. కేబుల్ మార్చాను. అయినా వెలగలేదు.

ప్రొఫెసర్ తాపీగా లేచి వచ్చి, తట్టి, చెవి ఆనించారు.

"గుల్ల."

"పదండి సార్," అంటూ శిష్యుడే ముందు లేచాడు. అందరూ ఆయన వెనకే టీకి పోయారు.

నేను ఒక్కో వైరూ వరసగా వెతుక్కుంటూ గోడ దాకా వెళ్లాను. స్విచ్ ఆపేసి ఉంది, సరిగ్గా ఆయన కూర్చున్న చోటు పక్కనే.

ఆయన పేరు ఎదుట రాసింది కొట్టేసి, 'శిక్షణ అక్కర్లేదు' అని రాశాను.