రుచికి ఒక ముక్క

నెట్ సెంటర్ అంకుల్ పోయారని పొద్దున పాలు పోయించుకుంటూ విన్నాం. అమ్మ గిన్నె గట్టు మీద పెట్టి, "భాయ్ గారా? మొన్నేగా మాట్లాడింది!" అంది. గుండెపోటట. మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకెళ్ళారు.

నాన్న పోయాక అమ్మ రెడ్డిగూడెం తోటల నుంచి రసాలు తెప్పించి మామిడి తాండ్ర చేసేది. తిరువూరు బజారులో దుకాణాలకు వేసేది. ధర వాళ్ళు చెప్పిందే. "నచ్చకపోతే పట్టుకుపోమ్మా" అనేవారు. పట్టుకుపోయి ఏం చేసుకుంటుంది? ఆ మాట చెవిన పడి అంకుల్ మా ఇంటికి వచ్చారు.

"తినేవాళ్ళకే నేరుగా అమ్ముదామండి. నెట్లో పెడదాం. ఇంగ్లీషు రాయడానికి మన కాన్వెంటు ఉందిగా" అన్నారు నా వైపు చూసి. అప్పటి నుంచి ఆయన నోట నా పేరు అదే.

నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడను. పుస్తకం పట్టుకుని సెంటర్‌లో మూల కంప్యూటర్ దగ్గర కూర్చునేదాన్ని. ఫోన్ లైను మీద నెట్ నడిచే రోజులు. తెర మీద పేజీ తెరుచుకునేలోపు నా పుస్తకంలో ఒక పేజీ అయిపోయేది.

మా సైటుకి నేను మొదట రాసింది స్వర్గపు రుచి అని. అంకుల్ చదివి నవ్వారు.

"వెళ్ళొచ్చావా కాన్వెంటూ? ఏ పండు, ఎన్నాళ్ళు నిలవుంటుంది, ఎంత. అది రాయి చాలు."

ధర పైనే కనపడాలనేవారు. దాచితే మనిషి పారిపోతాడట. ఫోటో పొద్దుటి ఎండలో, తెల్లగుడ్డ మీద తీయాలి. దాన్ని చిన్నది చేసి పెట్టాలి, లేకపోతే అది తెరుచుకునేలోపు చూసేవాడు లేచిపోతాడు. మెరిసే అక్షరాలు వద్దు. "మెయిల్ వస్తే ఆ రోజే జవాబివ్వాలి. లేదని చెప్పడానికైనా సరే." ఇవన్నీ ఆయన ఎక్కడ నేర్చుకున్నారో తెలియదు. ఇప్పటికీ వాటిలో నాకు తప్పు కనపడదు. నేను సూటిగా ఒక వాక్యం రాయగలుగుతున్నానంటే అది ఆయన చలవే.

ఒక్క విషయం మాత్రం ఆయనకు మింగుడుపడలేదు. తినే వస్తువు రుచి చూడకుండా ఎవరు కొంటారు? బజారులో ఎవరైనా కాస్త నోట్లో వేసుకున్నాకే బేరం మొదలుపెడతారు. "మనం కొంటామా అలా?" అని, సైటులో నా చేత ఒక మాట రాయించారు: అడ్రసు పంపండి, రుచికి ఒక ముక్క పోస్టులో పంపుతాం.

అడ్రసులు వచ్చాయి. హైదరాబాదు, పుణె, నాగపూర్. అంకుల్ సంబరం చూడాలి. ముక్క బటర్ పేపర్లో చుట్టి, కవరు వెనక పంపినవారి చోట తన సెంటర్ అడ్రసు రాసి, స్టాంపులు ఆయనే అంటించేవారు. తిన్నవాళ్ళు బాగుందని రాశారు. ఆర్డరు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. డబ్బు ముందే పంపనక్కర్లేదు, పార్సిల్ వచ్చాక పోస్ట్‌మాన్‌కి ఇస్తే చాలని రాశాం. అయినా ఇవ్వలేదు.

"భాయ్ గారూ, మీ ఇంటర్నెట్లో అంతా ఊరికే తినేవాళ్ళేనా?" అని అమ్మ అడిగింది.

"ఒక్కళ్ళు కొంటే చాలండి. వాళ్ళే పదిమందికి చెప్తారు."

ఆ ఒక్కళ్ళు రాలేదు. అమ్మ మళ్ళీ దుకాణాల మెట్లెక్కింది. ఇళ్ళలోకి నెట్ వచ్చి సెంటర్‌కి మనుషులు తగ్గారు. అంకుల్ కంప్యూటర్లు ఒక్కొక్కటే అమ్మేశారు. సైటు మాత్రం మూయలేదు. "ఉండనీ, ఎవరైనా చూస్తారు" అనేవారు. మీలో ఎవరూ చూసి ఉండరు.

అంకుల్ పోయిన మూడో రోజు ఆంటీ నన్ను పిలిచి సెంటర్ తాళం ఇచ్చారు. "మెయిల్ చూడమ్మా. ఆయనుంటే ఏ రోజుది ఆ రోజే చూసేవారు."

మిగిలిన ఒక్క కంప్యూటర్ మీది గుడ్డ తీశాను. ఒక్క మెయిల్ ఉంది, ఆ పొద్దుటిదే. నాసిక్ నుంచి ఎవరో. రుచికి ముక్క పంపుతారా అని.

లేదని రాయబోయి ఆగి, ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ అటక మీది డబ్బా దింపి, మా కోసం దాచిన తాండ్రలోంచి ఒక ముక్క కోసింది.

"కొనరమ్మా" అన్నాను.

"తెలుసు. పంపు."

ఆ రోజే జవాబు రాశాను. కవరు పోస్టులో వేశాక గుర్తొచ్చింది, వెనక ఆయన రాసినట్టే సెంటర్ అడ్రసు రాశానని. నెలాఖరుకి ఆ గది ఖాళీ చేస్తున్నారు. కవరు తిరిగొస్తే పోస్ట్‌మాన్ షట్టర్ కింది సందులోంచి లోపలికి తోస్తాడు. చీకటి గదిలో, గచ్చు మీద, దానికి చీమలు పడతాయి.